అప్‌డేట్: నాలుగు ఇస్పేట్లే చెప్పాను

బ్రిడ్జ్ పేకాటలో పార్ట్‌నర్ ఒక ఇస్పేటు బిడ్‌తో ఓపెన్ చేసి, ఎదుటి జట్టు రెండు ఆఠీన్లు అంటే, నా చేతిలో అయిదు ఇస్పేట్లు, ఒకే ఆఠీను, నాలుగైదు పాయింట్లతో (పెద్ద ముక్కల లెక్క) మూడు ఇస్పేట్ల దాకా వెళ్లాలా, నాలుగా అని అడిగాను కదా. ఇద్దరికీ కలిపి తురుపులు పది, అంటే పది ట్రిక్స్ (రౌండ్లు) గెలుస్తామనే స్థాయి, ఆరు మీద నాలుగు, అన్నారు మీరు.

నిన్న దాదాపు అదే చెయ్యి వచ్చింది. మేం నాన్ వల్నరబుల్, వాళ్లు వల్నరబుల్ (బోనసులు, జరిమానాలు ఎక్కువగా ఉండే స్థితి). వాళ్ల నాలుగు ఆఠీన్లు నెగ్గితే వాళ్లకు 620 స్కోరు. వాళ్లు డబుల్ (జరిమానా పెంచే పిలుపు) చెప్పి, మేం మూడు ట్రిక్స్ తగ్గినా పోయేది 500. టెన్షన్ పడకుండా నేరుగా నాలుగు చెప్పేశాను. బిడ్లతో మాట్లాడుకునే చోటు లేక వాళ్లు అయిదు ఆఠీన్లకు ఎక్కి, ఒక ట్రిక్ తక్కువయ్యారు. నేను మళ్లీ బిడ్ చేయలేదు. ఆ సలహా అన్నిటికన్నా పనికొచ్చింది. మేమూ వల్నరబుల్ అయితే మూడు తగ్గినప్పుడు 800 పోతాయి, అక్కడ ఇంకా ఆలోచిస్తున్నాను.