డిస్‌కనెక్ట్‌లో రెండో పుట్ ఉంచితే అండర్‌ఫ్లో, తీసేస్తే లీక్: యూఎస్‌బీ డ్రైవర్‌లో ఎక్కడ చూడాలి?

ఓరుగల్లు_డ్రైవర్

అందరికీ నమస్తే. లినక్స్ డ్రైవర్లు రాసేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం చూడండి, చాలా టెన్షన్‌లో ఉన్నాను. హన్మకొండలో చిన్న ఆఫీసు మాది, పత్తిలో తేమ కొలిచే మెషీన్ తయారుచేస్తాం. లోపల ఆర్మ్ బోర్డు, 5.15 కెర్నల్, సెన్సర్ యూఎస్‌బీ మీద వస్తుంది. డ్రైవర్ రాసినాయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు, ఇప్పుడు అది నేను చూసుకోవాలి.

డిజైన్ మామూలే: స్ట్రక్చర్‌ని ఎంతమంది వాడుతున్నారో కేరెఫ్ అనే కౌంటర్ లెక్కపెడుతుంది, గెట్ దాన్ని ఒకటి పెంచుతుంది, పుట్ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే మెమరీ ఫ్రీ అవుతుంది. ప్రోబ్‌లో (పరికరం తగిలించగానే నడిచే ఫంక్షన్) స్ట్రక్చర్ అలొకేట్ చేసి కేరెఫ్_ఇనిట్, ఓపెన్‌లో కేరెఫ్_గెట్, ఫైల్ మూసినప్పుడు రిలీజ్‌లో కేరెఫ్_పుట్. నాలుగు యూఆర్‌బీలు (యూఎస్‌బీ డేటా అడిగే రిక్వెస్టులు) తిరుగుతుంటాయి, వాటన్నిటికీ కలిపి వర్క్ స్ట్రక్చర్ (తర్వాత నడపమని కెర్నల్ క్యూలో పెట్టే పని) ఒక్కటే. యూఆర్‌బీ పూర్తయినప్పుడల్లా కంప్లీషన్ హ్యాండ్లర్ ఒక గెట్ చేసి షెడ్యూల్_వర్క్‌ని పిలుస్తుంది, వర్క్ ఫంక్షనేమో వచ్చిన బఫర్లన్నీ చదివి, యూఆర్‌బీలను మళ్లీ సబ్మిట్ చేసి, చివర్లో పుట్ చేస్తుంది.

కేబుల్ తీసినప్పుడు నడిచే డిస్‌కనెక్ట్‌లో మాత్రం పుట్ రెండుసార్లు ఉంది. రెండోదాని పైన "లీక్ ఫిక్స్" అని కామెంట్, అంతకు మించి ఒక్క ముక్క లేదు. అది ఉంచి, టేబుల్ మీద యాప్ నడుస్తుండగా కేబుల్ పీకితే లాగ్‌లో "రెఫ్‌కౌంట్_టీ: అండర్‌ఫ్లో, యూజ్-ఆఫ్టర్-ఫ్రీ" (కౌంట్ సున్నా కిందికి పోయింది, ఫ్రీ అయిన మెమరీని ముట్టుకున్నారు) అని వచ్చి కాసేపటికి బాక్స్ మొత్తం బిగుసుకుపోతుంది. తీసేస్తే టేబుల్ మీద అంతా బాగుంటుంది కానీ మార్కెట్‌లో పెట్టిన బాక్సుల్లో కేబుల్ తీసి పెట్టినప్పుడల్లా కొంత మెమరీ తిరిగి రావట్లేదు, మెమరీ లీకులు పట్టే కేమెమ్‌లీక్ నేరుగా ప్రోబ్‌లోని అలొకేషన్‌నే చూపిస్తోంది.

ఎనుమాముల యార్డుకి పత్తి జోరుగా వచ్చే రోజులు ఇవి. తేమ 8 శాతం దాటితే రేటు తగ్గుతుంది, 12 దాటితే సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనదు. రైతుకి వచ్చే డబ్బు ఈ రీడింగ్ మీదే ఉంది కాబట్టి ఏదో ఒక అతుకు వేసి పంపడం నాకు ఇష్టం లేదు. అసలు డిస్‌కనెక్ట్‌లో ఎన్ని పుట్‌లు ఉండాలి?

మానేరు_తీరం

డిస్‌కనెక్ట్‌లో ఒక్కటే ఉండాలి, ప్రోబ్‌లో ఇనిట్ చేసినదానికి. రెండోది ఎవరి తరఫున చేస్తున్నారో చెప్పలేకపోతే అది తప్పే. షెడ్యూల్_వర్క్ తిరిగిచ్చే విలువని ఎక్కడైనా చూస్తున్నారా? కేసాన్ (తప్పుడు మెమరీ వాడకాన్ని పట్టే కెర్నల్ టూల్) ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చేసి, ఆ రిపోర్ట్ కూడా పెట్టండి.

ఓరుగల్లు_డ్రైవర్

చూడట్లేదు అన్నా, పిలిచి వదిలేశారు. కేసాన్‌తో నడిపాను: మెమరీ ఫ్రీ అయింది డిస్‌కనెక్ట్‌లోని రెండో పుట్ దగ్గర, ఆ తర్వాత ముట్టుకున్నది ఫైల్ మూసేటప్పటి రిలీజ్.

గోదావరిఖని_అక్క

అయితే లీక్ అక్కడే ఉంది తమ్ముడూ. వర్క్ ఇప్పటికే క్యూలో ఉండి ఇంకా మొదలవకపోతే, షెడ్యూల్_వర్క్ దాన్ని రెండోసారి పెట్టదు, ఫాల్స్ అని చెప్పి వచ్చేస్తుంది. కానీ మీ హ్యాండ్లర్ దానికి ముందే గెట్ చేసేసింది. రెండు యూఆర్‌బీలు వెంటవెంటనే పూర్తయితే గెట్‌లు రెండు పడతాయి, వర్క్ నడిచేది ఒక్కసారే, పుట్ కూడా ఒక్కటే. మిగిలిపోయిన ఆ ఒక్క రెఫరెన్స్‌ని దించేవాళ్లు ఇక ఎవరూ ఉండరు. టేబుల్ మీద సీపీయూ ఖాళీగా ఉంటుంది కాబట్టి వర్క్ వెంటనే నడిచిపోతుంది, మీకు కనిపించదు. యార్డులో స్లిప్ ప్రింటింగ్, నెట్‌వర్క్ అన్నీ కలిసి వర్క్ ఆలస్యమవుతుంది, అప్పుడు ఇలాంటివి బోలెడు జరుగుతాయి.

అంటే లీక్ అయ్యే రెఫరెన్సులు ఒక రోజు సున్నా, ఇంకో రోజు వందలు. దానికి డిస్‌కనెక్ట్‌లో సరిగ్గా ఒక పుట్ కలిపి సరిచేద్దామనుకోవడమే ఆ పాత "ఫిక్స్"లోని తప్పు. సరిగ్గా ఒక్కటే లీక్ అయిన రోజు అది పనిచేసి ఉంటుంది, అందుకే కోడ్‌లో ఉండిపోయింది. ఏమీ లీక్ కాని రోజు ఓపెన్ తీసుకున్న రెఫరెన్స్‌ని డిస్‌కనెక్ట్ లాగేసుకుంటుంది. మీ కేసాన్ రిపోర్ట్‌లో ఉన్నది అచ్చం ఇదే.

చేయాల్సినవి రెండు. షెడ్యూల్_వర్క్ ఫాల్స్ అంటే అక్కడికక్కడే పుట్ చేయండి. అది ఇంటరప్ట్ కాంటెక్స్ట్ (నిద్రపోకూడని చోటు) కదా, అక్కడ కౌంట్ సున్నా అయితే ఎలా అని భయం వద్దు. డిస్‌కనెక్ట్‌లో ముందు యూఆర్‌బీలను ఆపుతారు, ఆ ఆపడం కంప్లీషన్ హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగుతుంది, ప్రోబ్ రెఫరెన్స్ పోయేది ఆ తర్వాతే. రెండోది చాలామంది వదిలేసేది: డిస్‌కనెక్ట్‌లో క్యాన్సిల్_వర్క్_సింక్ ట్రూ ఇస్తే, క్యూలో ఉన్న వర్క్ నడవకుండానే రద్దయిందని అర్థం. దాని చివర ఉన్న పుట్ ఇక రాదు కాబట్టి మీరే చేయాలి.

కాజీపేట_జంక్షన్

అక్క చెప్పిన కారణం నూటికి నూరు పాళ్లు కరెక్ట్, పరిష్కారం మాత్రం నేనైతే ఇంకోలా చేస్తాను. వర్క్ కోసం రెఫరెన్స్ తీసుకోవడమే మానేయండి. డిస్‌కనెక్ట్‌లో ముందు యూఎస్‌బీ_డీరిజిస్టర్_డెవ్, తర్వాత ప్రతి యూఆర్‌బీకి యూఎస్‌బీ_పాయిజన్_యూఆర్‌బీ, తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్, అన్నిటికంటే చివర పుట్. మామూలుగా ఆపే కిల్ బదులు పాయిజన్ ఎందుకంటే మీ వర్క్ ఫంక్షన్ యూఆర్‌బీలను మళ్లీ సబ్మిట్ చేస్తుంది, కిల్ చేసిన మరుక్షణం అది ఇంకోసారి పంపేయొచ్చు. పాయిజన్ చేసినదాన్ని సబ్మిట్ చేయబోతే ఎర్రర్ వస్తుంది. ఈ వరుసలో వెళ్తే పుట్ దగ్గరికి వచ్చేసరికి వర్క్ నడుస్తూ ఉండే అవకాశమే లేదు, ఇక దానికి సొంత రెఫరెన్స్ ఎందుకు? రెఫరెన్స్ పట్టుకునేది ప్రోబ్, తెరిచిన ఫైళ్లు, అంతే. తర్వాత ఈ కోడ్ చూసేవాళ్లకి కూడా హాయి.

డీరిజిస్టర్ ముందు ఉండటం కూడా ముఖ్యం. యూఎస్‌బీ కోర్ మీ ఓపెన్‌ని ఒక సెమఫోర్ (ఒక రకం తాళం) పట్టుకుని పిలుస్తుంది, డీరిజిస్టర్ అదే సెమఫోర్‌ని రాయడానికి తీసుకుంటుంది. అందుకే డీరిజిస్టర్ ముగిశాక సగంలో ఉన్న ఓపెన్ ఏదీ మిగలదు. పుట్ దానికి ముందు ఉంటే, ఓపెన్ చేతిలో పాయింటర్ ఉండి ఇంకా గెట్ చేయని ఆ సన్నని సందులో స్ట్రక్చర్ ఫ్రీ అయిపోవచ్చు. కెర్నల్ సోర్స్‌లో యూఎస్‌బీ-స్కెలిటన్ డ్రైవర్ ఉంటుంది, దాని డిస్‌కనెక్ట్‌ని లైను లైనుగా చదవండి.

లీకే కదా, నెలకోసారి రీబూట్ చేద్దాం అని ఆఫీసులో ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 2016 జనవరిలో బయటపడ్డ లినక్స్ కెర్నల్ భద్రతా లోపం సీవీఈ-2016-0728 ఇలాంటి లీకే. ప్రాసెస్ తనకు ఇప్పటికే ఉన్న సెషన్ కీరింగ్‌నే (కెర్నల్‌లో కీలు దాచే చోటు) మళ్లీ అడిగితే ఒక రెఫరెన్స్ మిగిలిపోయేది. అదే పని కోట్లసార్లు చేయిస్తే 32 బిట్ల కౌంటర్ చుట్టు తిరిగి సున్నాకి వచ్చేది, వాడుతుండగానే ఆబ్జెక్ట్ ఫ్రీ అయ్యేది, మామూలు యూజర్ రూట్ అయిపోవచ్చు. 2017లో 4.11 కెర్నల్‌తో రెఫ్‌కౌంట్_టీ వచ్చాక కౌంటర్ అలా తిరగదు, పైన ఒక విలువ దగ్గర బిగుసుకుని హెచ్చరిక ఇస్తుంది. కేరెఫ్ కింద ఉన్నది ఇప్పుడు అదే, మీకు ఆ అండర్‌ఫ్లో లైన్ కనబడింది కూడా దానివల్లే.

ఓరుగల్లు_డ్రైవర్

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. వర్క్ రెఫరెన్స్ తీసేసి మీరు చెప్పిన వరుసే పెట్టాను, అండర్‌ఫ్లో పోయింది. ప్రతిసారీ కేబుల్ పీకకుండా సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ వివరాలు ఫైళ్లుగా కనిపించే చోటు) డ్రైవర్ కింద ఉండే అన్‌బైండ్, బైండ్ ఫైళ్లలో ఇంటర్‌ఫేస్ పేరు రాస్తూ స్క్రిప్ట్ తిప్పుతున్నాను, పక్కన సీపీయూని బిజీగా ఉంచే లోడ్ కూడా పెట్టాను. కేమెమ్‌లీక్ ఏమీ చూపించట్లేదు. కానీ అప్పుడప్పుడు డిస్‌కనెక్ట్ మధ్యలో ఆగిపోయి "120 సెకన్లకు పైగా బ్లాక్ అయింది" అని లాగ్‌లో వస్తోంది.

గోదావరిఖని_అక్క

డిస్‌కనెక్ట్ మొత్తం ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళం) పట్టుకుని నడుస్తోందా? వర్క్ ఫంక్షన్ కూడా అదే మ్యూటెక్స్ కోసం చూస్తుంటే, క్యాన్సిల్_వర్క్_సింక్ వర్క్ కోసం ఆగుతుంది, వర్క్ మ్యూటెక్స్ కోసం ఆగుతుంది, ఇద్దరూ కదలరు. మ్యూటెక్స్ లోపల డిస్‌కనెక్టెడ్ ఫ్లాగ్ ఒక్కటి పెట్టి వదిలేయండి, పాయిజన్, క్యాన్సిల్ రెండూ బయట చేయండి. రీడ్‌లో డేటా కోసం నిద్రపోతున్న ప్రాసెస్‌ని లేపడం మర్చిపోవద్దు, లేచినవాళ్లు ఫ్లాగ్ చూసి ఈనోడెవ్ (పరికరం లేదు అనే ఎర్రర్) ఇచ్చి వెళ్లిపోవాలి. లేకపోతే యాప్ ఫైల్ మూయదు, ఆ రెఫరెన్స్ అలాగే ఉండిపోతుంది.

ఓరుగల్లు_డ్రైవర్

అవునక్కా, ఐఓ మ్యూటెక్స్ పట్టుకునే క్యాన్సిల్ పిలుస్తోంది. బయటికి తెచ్చి, లేపే లైన్ కూడా కలిపాను. లాక్‌ల తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి రాత్రంతా స్క్రిప్ట్ నడిచింది, లాగ్ శుభ్రంగా ఉంది. ముందు యార్డులో ఒక్క బాక్స్‌కే ఈ కెర్నల్ ఎక్కించి చూస్తాను, మిగతావాటికి ఆ తర్వాతే.