8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు: పది నిమిషాలకే గేమ్ పాకుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (బీటెక్ రెండో ఏడాది, పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ నా దగ్గర ఉంది. ప్రాసెసర్ ఐ5-8250యు, ర్యామ్ 8 జీబీ, గ్రాఫిక్స్ ఇంటెల్ యూహెచ్‌డీ 620. విడిగా కార్డు లేదు. పోయిన ఏడాది ఎస్ఎస్‌డీ వేయించాం. సెలవులని జీటీఏ 5 వేసుకున్నాను. మొదట్లో పర్వాలేదు, ఆడుకోవచ్చు. పది పదిహేను నిమిషాలయ్యేసరికి కారు నడుపుతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినపడుతుంది. వాలరెంట్ కూడా ఆడాలని ఉంది.

యూట్యూబ్‌లో చూసి ఇప్పటిదాకా మూడు చేశాను. విండోస్ ఎలా మొదలవ్వాలో మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య 8 అని పెట్టాను. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో వీడియో మెమరీ 512 అని రాశాను. గేమ్ బూస్టర్ ఒకటి వేశాను. ఏమీ మారలేదు. ఒక షాపులో అడిగితే, గ్రాఫిక్స్ కార్డు వేస్తాం, పన్నెండు వేలు అవుతుంది, ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్లు అన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. కొత్తది కొనే పరిస్థితి లేదు. డబ్బు పెట్టాక కూడా ఇలాగే ఉంటే ఎలాగని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (ల్యాప్‌టాప్ సర్వీసు పని, విజయవాడ)

తమ్ముడూ, ముందు ఆ పన్నెండు వేల సంగతి. ఇవ్వకు. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ మూత తీసి కార్డు గుచ్చేస్తాం. నీ దాంట్లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ చిప్పులోనే కలిసి ఉంది, ఆ చిప్పేమో మదర్‌బోర్డుకు అతికి ఉంది. కార్డు పెట్టడానికి లోపల చోటే లేదు. బయట ఒక పెట్టెలో కార్డు పెట్టి థండర్‌బోల్ట్ పోర్టుకు కలిపే పద్ధతి ఉంది కానీ, ఆ పెట్టె, కార్డు కలిపితే నీ పాత ల్యాప్‌టాప్ ఖరీదు దాటిపోతుంది. ఆ షాపులో మాత్రం వదిలి రాకు.

ఎంఎస్‌కాన్ఫిగ్‌లో పెట్టిన టిక్కు తీసెయ్. విండోస్ ఎలాగూ అన్ని కోర్లూ వాడుకుంటుంది. ఆ సెట్టింగ్ కోర్లు తగ్గించి పరీక్షించుకునేవాళ్ల కోసం పెట్టింది. రిజిస్ట్రీలో నువ్వు రాసిన 512 వల్ల గేముకు కనిపించే అంకె మారుతుందే తప్ప మెమరీ పెరగదు. యూహెచ్‌డీ 620కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోంచే దాదాపు సగం వరకు అవసరాన్నిబట్టి తీసుకుంటుంది. బూస్టర్‌ని కూడా తీసెయ్, అదే వెనకాల ర్యామ్ తింటూ ఉంటుంది.

నువ్వు రాసిన వాటిలో నాకు పనికొచ్చిన మాట 'పది పదిహేను నిమిషాలు'. గ్రాఫిక్స్ బలం చాలకపోతే మొదటి నిమిషం నుంచే చాలదు. మొదట బాగుండి తర్వాత పడిపోతోందంటే అది వేడి. నీ ప్రాసెసర్ మామూలు వేగం 1.6 గిగాహెర్ట్జ్, అవసరమైతే 3.4 దాకా పరిగెడుతుంది, దీన్నే టర్బో అంటారు. చిప్పు 100 డిగ్రీల దగ్గరికి చేరిందంటే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నువ్వు చూస్తున్న లాగ్ అదే. ఇంకో సంగతి, ఈ చిప్పుకు కేటాయించిన కరెంటు 15 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఆ 15 వాట్లనే పంచుకోవాలి.

రోహిణి కార్తెలో 45 డిగ్రీలు చూసే ఊరు మనది. ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కు గాలిని చల్లబరిచే శక్తి లేదు, గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి చిప్పు మీదుగా బయటికి తోస్తుంది. గదిలో గాలే 38 డిగ్రీలుంటే ఇక అది చల్లార్చేదేముంది? ఏప్రిల్, మే నెలల్లో 'గేమ్ స్లో అయింది' అంటూ నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ వాటికి రోగం దుమ్మే. కాబట్టి ఏదీ కొనకముందు ఒక పరీక్ష చెయ్. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, అరగంట గేమ్ ఆడి, చిప్పు వేడి ఎంత దాకా వెళ్లిందో, వేగం ఎంతకు పడిందో రాయి. అలాగే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కి, 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర ఏముందో చూడు, ర్యామ్ పెట్టే చోట్లు ఎన్ని నిండాయో అది చెబుతుంది. ఛార్జర్ పెట్టే ఆడుతున్నావా? బ్యాటరీ మీద వేగం తగ్గించే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి.

అడిగిన విద్యార్థి

అన్నా, చాలా థాంక్స్. ఛార్జర్ పెట్టే ఆడుతున్నాను, కాకపోతే మంచం మీద పరుపుపైన పెట్టుకుని. వేడి 97 దాకా వెళ్లింది. వేగం మొదట 3 పైన ఉండి తర్వాత 1.3కి పడింది. స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2 అని ఉంది. గేమ్ 1920×1080లో ఆడుతున్నాను, స్క్రీన్ అదే కదా అని.

జవాబు (గృహిణి, బ్రాడీపేట, గుంటూరు)

తమ్ముడూ, నేను రైజెన్ 5 3500యు ల్యాప్‌టాప్‌లో, వేగా 8 గ్రాఫిక్స్ మీద, పిల్లలు పడుకున్నాక ఆడుతుంటాను. నాకు బాగా పనికొచ్చినవి రెండు. ఒకటి, పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' 99 శాతం చేశాను. దాంతో టర్బో ఆగి వేడి బాగా తగ్గింది. రెండోది, బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) యూఎంఏ ఫ్రేమ్ బఫర్ అని ఉంటే గ్రాఫిక్స్‌కు కేటాయించే ర్యామ్ అక్కడ పెంచుకోవచ్చు. నీది ఇంటెల్ కాబట్టి ఆ రెండోది ఆ పేరుతో కనిపించకపోవచ్చు.

ఒకే స్లాట్ నిండి ఉందన్నావు, దాని గురించి చెప్పాలి. మా చెల్లెలి ల్యాప్‌టాప్ కొన్నప్పుడు డబ్బా మీద ఐరిస్ ఎక్స్‌ఈ (ఇంటెల్‌లో మెరుగైన గ్రాఫిక్స్) అని ఉంది, సిస్టమ్‌లో చూస్తే ఉత్త యూహెచ్‌డీ అని వచ్చింది. మోసం చేశారని చాలా బాధపడ్డాం. తీరా చూస్తే లోపల ఒకటే ర్యామ్ స్టిక్ ఉంది. రెండో స్టిక్ వేయించగానే పేరు ఐరిస్ ఎక్స్‌ఈగా మారింది. ఒక స్టిక్‌తో ఉంటే ఇంటెల్ ఆ పేరు చూపించనివ్వదట.

జవాబు (ల్యాప్‌టాప్ సర్వీసు పని, విజయవాడ)

అమ్మా, స్టిక్ సంగతి చాలా బాగా చెప్పారు. 99 శాతం చిట్కా దగ్గర మాత్రం తమ్ముడికి ఒక జాగ్రత్త చెప్పాలి. మీ రైజెన్ మామూలు వేగం 2.1, టర్బో తీసినా నడుస్తుంది. ఇతని ఐ5కి టర్బో తీసేస్తే 1.6 దగ్గర ఆగిపోతుంది. జీటీఏలో ట్రాఫిక్, మనుషులు, పోలీసులు అంతా ప్రాసెసర్ మీదే పడతారు, 1.6తో ఈడ్చుకొస్తుంది. తమ్ముడూ, దాన్ని ఆఖరున ప్రయత్నించు, నచ్చకపోతే మళ్లీ 100 పెట్టేయ్.

ఇప్పుడు వరసగా చెప్తాను. 97 డిగ్రీలు, 1.3 గిగాహెర్ట్జ్ అన్నావు కదా, లోపల దుమ్ము నిండింది. పైగా పరుపు మీద పెడితే అడుగున గాలి లాగే రంధ్రాలు మూసుకుపోతాయి. ముందు బల్ల మీదికి మార్చు. వెనక రెండు కాళ్ల కింద రెండు సీసా మూతలు పెడితే చాలు, గాలి ఆడుతుంది. తర్వాత సర్వీసుకు వెళ్లు. అడుగు మూత తీసి ఫ్యాన్ విప్పమని అడుగు. రాగి గొట్టం చివర సన్నటి రేకులుంటాయి, వాటికీ ఫ్యాన్‌కీ మధ్య దుమ్ము దూది పొరలా పేరుకుంటుంది. బయటినుంచి బ్లోయర్ కొడితే ఆ పొర కదలదు, అందుకే విప్పించమంటున్నాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. చిప్పు వేడిని రాగి గొట్టానికి అందించే పేస్టు ఇన్నేళ్లకు సుద్దలా ఎండిపోయి ఉంటుంది, అదీ మార్పించు. ఇదంతా నీ కళ్ల ముందే చేసే చోటే ఇవ్వు.

రెండోది ర్యామ్. డబ్బు పెట్టదలిస్తే దీని మీదే పెట్టు. ఎందుకో చెప్తాను. గ్రాఫిక్స్ కార్డులకు పక్కనే సొంత మెమరీ ఉంటుంది. నీ యూహెచ్‌డీకి ప్రతి బొమ్మకూ ర్యామ్ దాకా వెళ్లి రావడం తప్పదు. 2400 వేగం ఉన్న ఒక స్టిక్ దారిలో సెకనుకు సుమారు 19 గిగాబైట్లు పోతాయి. రెండు స్లాట్లలో రెండు ఉంటే దారులు రెండవుతాయి, 38. ప్రాసెసర్ కూడా అదే దారి వాడుకుంటుంది కాబట్టి ఒక్క స్టిక్ ఉన్నప్పుడు గ్రాఫిక్స్ ఆకలితో కూర్చుంటుంది. ల్యాప్‌టాప్‌కు సరిపోయే చిన్న సైజు డీడీఆర్4 8 జీబీ స్టిక్ తీసుకో. 3200ది దొరికినా ఫర్వాలేదు, నీ దాంట్లో 2400 వేగంతోనే నడుస్తుంది. ర్యామ్ ధరలు మారుతుంటాయి, రెండు మూడు చోట్ల కనుక్కో. వాడిన స్టిక్ అయినా పరీక్షించి ఇస్తే తీసుకోవచ్చు. వేశాక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో మెమరీ దగ్గర 'డ్యూయల్' అని గానీ '2 x 64-bit' అని గానీ వచ్చిందో లేదో చూసుకో.

మూడోదానికి ఖర్చు లేదు. స్క్రీన్ 1080 అని గేమ్ కూడా 1080లో ఆడాలని లేదు. 1920×1080 అంటే ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకు, 20 లక్షల 73 వేల చుక్కలు గీయాలి. 1280×720 అంటే 9 లక్షల 21 వేలే, సగం కంటే తక్కువ. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది, రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. ఈ ఒక్క మార్పే చాలా లాభం ఇస్తుంది. ఆ తర్వాత బొమ్మల అంచులు నునుపు చేసే ఎంఎస్ఏఏ పూర్తిగా ఆపు. నీడలు, గడ్డి, రిఫ్లెక్షన్స్, పోస్ట్ ఎఫ్ఎక్స్ అన్నీ నార్మల్‌లో పెట్టు. ఊరి బయట పొలాల్లో తిరిగేటప్పుడు గడ్డి సెట్టింగ్ చాలా తినేస్తుంది. పాపులేషన్ డెన్సిటీ (వీధుల్లో మనుషులు, బళ్ల సంఖ్య) బాగా తగ్గించు, ప్రాసెసర్‌కు బరువు తగ్గుతుంది. టెక్స్చర్లు నార్మల్.

చివరగా, ఫ్రేములను స్క్రీన్ వేగంతో కలిపే వీసింక్ దగ్గర 'హాఫ్' అని ఉంటుంది. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద అది పెడితే సెకనుకు వచ్చే ఫ్రేములు 30 దగ్గర కట్టేసినట్టు ఉంటాయి. 45కి ఎగిరి 22కి పడే ఆట కంటే 30 దగ్గర నిలకడగా ఉండే ఆట కంటికి ఎంతో హాయి. 30 అంటే ప్రతి ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు, మధ్యలో ఒక్కటి ఆలస్యమైనా చేతికి తెలిసిపోతుంది. పైగా చిప్పు అనవసరంగా పరిగెత్తదు, వేడీ తగ్గుతుంది.

డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి గానీ ఇంటెల్ సైటు నుంచి గానీ వేసుకో. 'మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి' అని భయపెట్టే సాఫ్ట్‌వేర్లు వద్దు. గేమ్ డబ్బు పెట్టి కొన్నదేనా? ఊరికే దొరికే కాపీల్లో వెనక దొంగతనంగా నడిచే మైనింగ్ ప్రోగ్రాములు (నీ ల్యాప్‌టాప్‌తో వేరేవాళ్లకు క్రిప్టో డబ్బు సంపాదించేవి) ఉంటున్నాయి. ఏ గేమూ తెరవకుండానే ఫ్యాన్ మోగుతుంటే అనుమానించాల్సింది దాన్నే.

జవాబు (గృహిణి, బ్రాడీపేట, గుంటూరు)

ఈ దారాన వచ్చే మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. ఎంఎక్స్130, ఎంఎక్స్150 లాంటి చిన్న గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న ల్యాప్‌టాప్ అయితే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్లి ఆ గేముకు 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకోండి. మా మరిది ఏడాదిపాటు కార్డు ఊరికే కూర్చుని ఉండగా లోపలి ఇంటెల్ గ్రాఫిక్స్ మీదే ఆడాడు.

అడిగిన విద్యార్థి (తొమ్మిది రోజుల తర్వాత)

అన్నా, అక్కా, చేసినవన్నీ చెప్తాను. గేమ్ కొన్నదే అన్నా, ఆఫర్‌లో తీసుకున్నాను. సర్వీసులో విప్పితే రేకుల మధ్య నిజంగా దూది పొరే ఉంది, చేత్తో పీకి తీశారు. పేస్టు మార్చారు. ఇప్పుడు అరగంట ఆడినా వేడి 84 దాటడం లేదు. 720కి మార్చాక సెకనుకు 25 ఫ్రేముల దగ్గర ఆడింది. ఇంట్లో చెప్పేశాను. నాన్న ముందు కోప్పడ్డారు, పన్నెండు వేలు మిగిలిందని చెప్పాక ర్యామ్‌కు ఇచ్చారు. రెండో స్టిక్ వేశాక 35 నుంచి 40 వస్తోంది, హాఫ్ పెడితే 30 దగ్గర కదలకుండా ఉంటోంది. పరీక్షల ముందు ఆడనని అమ్మకు మాటిచ్చాను.

ఒక్క సందేహం మిగిలింది. వాలరెంట్ వేస్తే సెక్యూర్ బూట్ ఆన్ చేయమంటోంది. నాది విండోస్ 11. బయాస్‌లో కనిపించింది గానీ ముట్టుకోవాలంటే భయమేసింది.

జవాబు (ల్యాప్‌టాప్ సర్వీసు పని, విజయవాడ)

చాలా సంతోషం తమ్ముడూ. ముట్టుకోకుండా అడిగావు, మంచి పని చేశావు. విండోస్ 11 మీద వాలరెంట్‌కు సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే ల్యాప్‌టాప్ మొదలయ్యేలా చూసేది), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా భాగం) రెండూ కావాలి. ముందు ఎంఎస్ఇన్ఫో32 అని టైపు చేసి తెరువు, అక్కడ 'బయాస్ మోడ్' ఎదురుగా యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా చూడు. యూఈఎఫ్ఐ అని ఉంటే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చెయ్, పీటీటీ అని ఉన్నదాన్నీ ఆన్ చెయ్, ఇంటెల్‌లో టీపీఎం పేరు అదే. లెగసీ అని ఉంటే మాత్రం ఆగు. డిస్క్‌ను ముందు జీపీటీ అనే కొత్త అమరికలోకి మార్చకుండా బయాస్ మారిస్తే విండోస్ తెరుచుకోదు. నీ కాలేజీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ 'బయాస్ మోడ్' లైను ఫొటో ఇక్కడ పెట్టు, తర్వాత ఏం చేయాలో చెప్తాను. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూసి, ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకున్నాకే బయాస్‌లోకి వెళ్లు.