అప్‌డేట్: బాబుకి 'పండు' పేరే ఖాయం చేశాం

మా బాబుని అందరూ పిలిచే 'పండు'నే అసలు పేరుగా పెట్టొచ్చా, పెద్దయ్యాక ఇబ్బంది పడతాడా అని ఇక్కడ అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మా మామగారు నక్షత్రం దగ్గరే పట్టుబట్టారు. బాబుది ఉత్తర మూడో పాదం, అక్షరం 'పా'. పురోహితుడిగారిని అడిగితే 'ప' గుణింతంలో హ్రస్వమైనా సరిపోతుందన్నారు. దాంతో ఆయన మెత్తబడ్డారు. మా అమ్మమ్మైతే ముందు నుంచీ మా వైపే. బిడ్డ దక్కాలని పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకున్న ఊళ్లలో పండుకి అభ్యంతరమేంటి అంది.

నా అసలు టెన్షన్ సర్టిఫికెట్ గురించి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికీ, పాస్‌పోర్ట్‌కీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. పేరు లేకుండా నమోదైనా ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. అందుకే తొందరపడకుండా ఆలోచించుకున్నాం.

చివరికి 'పండు రామ్' అని రాయిస్తున్నాం. రామ్ మా తాతగారి పేరులోది. వాడు పెద్దయ్యాక ఏది కావాలంటే అది వాడుకుంటాడు. బాలసారెలో పళ్లెంలో బియ్యం మీద మా మామగారే ఉంగరంతో ఆ పేరు రాశారు. నాకు చాలా సంతోషంగా ఉంది.