అప్‌డేట్: స్టెంట్ ఉన్న నాన్నకు చిగుళ్ల క్లీనింగ్ అయింది

స్టెంట్ వేసుకున్న నాన్నకు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, క్లీనింగ్‌కు ముందు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు ఆపాలా అని అడిగాను కదా. ఆపలేదు. గుండె డాక్టరు గట్టిగానే చెప్పారు: మాత్రలు మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, దాని ముందు చిగుళ్ల రక్తం ఒక లెక్క కాదని. పళ్ల డాక్టరు పై పళ్లు ఒకరోజు, కింది పళ్లు ఇంకోరోజు చేశారు. కాసేపు దూది నొక్కిపెడితే రక్తం ఆగిపోయింది.

ముందుగా యాంటీబయాటిక్ వేయాలని కొందరు రాశారు. అది కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకు, ఇదివరకు ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్) వచ్చినవాళ్లకు, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె జబ్బులకు. స్టెంట్ ఒక్కటే ఉంటే అక్కర్లేదట.

ఇక చిగుళ్లు బాగైతే హార్ట్ ఎటాక్ రాదని అంటుంటారు కదా, దాని సంగతి. చిగుళ్ల జబ్బుకూ గుండెజబ్బుకూ సంబంధం కనిపిస్తోందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. అయితే చిగుళ్లకు వైద్యం చేస్తే గుండెజబ్బు ఆగుతుందనడానికి ఆధారం లేదనీ అప్పుడే చెప్పింది. పొగాకు, షుగర్ అటు చిగుళ్లనూ ఇటు గుండెనూ పాడుచేస్తాయి. నాన్న విషయంలో నాకు షుగర్ గురించే టెన్షన్. ఖైనీ మాత్రం మానేశానంటున్నారు (అమ్మ నమ్మడం లేదు). మూడు నెలలకోసారి చిగుళ్లు చూపించుకోమన్నారు పళ్ల డాక్టరు.