'ఎల్డెస్ట్' సగంలో ఆగిపోయింది: లోపం పుస్తకంలో ఉందా, మా ఓపికలో ఉందా?

ప్రశ్న (ఒక తల్లి)

మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. క్రిస్టఫర్ పావొలిని రాసిన 'ఎరగాన్'ను సెలవుల్లో నాలుగు రోజుల్లో ముగించి, రెండో భాగమైన 'ఎల్డెస్ట్' కావాలని పోరుపెట్టి మరీ కొనిపించుకున్నాడు. ఆ పుస్తకం రెండు నెలలుగా, నడుమ గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టుతో సహా, బల్ల మీదే పడి ఉంది. వాడు ఎందుకు వదిలేశాడో తెలుసుకుందామని నేను మొదలుపెట్టి చివరిదాకా చదివాను. వాడిని తప్పుపట్టలేకపోయాను.

మొదటి భాగంలో ఎరగాన్ అనే పల్లెటూరి కుర్రాడికి అడవిలో నీలి రాయి దొరుకుతుంది. అది రాయి కాదు, గుడ్డు అని తేలుతుంది. అందులోంచి సఫీరా అనే డ్రాగన్ పిల్ల బయటికి వస్తుంది. పెంచిన మేనమామను చంపినవాళ్లను వెతుక్కుంటూ ఆ కుర్రాడు ఇల్లు వదులుతాడు. ఒక్క పేజీ కూడా నిలవనివ్వదు. రెండో భాగంలో అదే కుర్రాడు ఎల్ఫులనే మాయాజాతి వారి నగరమైన ఎలెస్మేరా చేరి పాఠాలు వింటాడు, మళ్లీ వింటాడు, వింటూనే ఉంటాడు. పెద్ద సంఘటన ఏదైనా జరుగుతుందేమోనని నేను పేజీలు ముందుకు తిప్పి చూసుకోవలసి వచ్చింది. ఇది రెండో భాగాలన్నింటికీ ఉండే జబ్బేనా? వాడికి నేరుగా మూడో భాగం ఇచ్చేయవచ్చా? చదివినవారు చెప్పగలరు.

సమాధానం (పాత పాఠకుడు)

అమ్మా, 2005లో ఈ పుస్తకం వచ్చినప్పుడు ఎదురుచూసి కొనుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి మీ అబ్బాయి బాధ నాకు బాగా తెలుసు. పావొలిని పదిహేనేళ్ల వయసులో మొదటి భాగం రాయడం ప్రారంభించాడు. 2002లో కుటుంబమే దానిని సొంతంగా అచ్చువేసుకుంది, మరుసటి ఏడాది పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. అంత చిన్నవాడు అంత పేరు తెచ్చుకున్న తరువాత రెండో పుస్తకంలో తాను ఊహించిన లోకాన్నంతా చూపించాలని ఆరాటపడటం సహజమే. మూడు భాగాలుగా అనుకున్న కథ చివరికి నాలుగయింది.

అయితే పాఠాలు ఎక్కువ కావడం అసలు లోపమని నేను అనుకోను. గురువు ఒరోమిస్ శిష్యుణ్ని అడవిలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న ప్రాణులన్నింటినీ మనసుతో వినమంటాడు. ఎరగాన్ చీమల పుట్ట దగ్గర చిక్కుకుపోయి, చీమల రాకపోకలన్నీ తెలుసుకుని ఎంతో గర్వంగా తిరిగివస్తే, మిగతా అడవి సంగతేమిటని గురువు అడుగుతాడు. ఇలాంటి పాఠాలు ఇంకో పది ఉన్నా నేను చదివేవాణ్ని.

నన్ను నిరాశపరిచింది ఆ తరువాత జరిగింది. మొదటి భాగం చివర డూర్జా అనే దుష్ట మాంత్రికుడి కత్తివేటుకు ఎరగాన్ వీపున పడిన గాయం రెండో భాగంలో అతణ్ని పదేపదే నేలకూలుస్తుంది. వానిర్ అనే ఎల్ఫు యువకుడు రోజూ కత్తిసాములో ఓడించి ఎగతాళి చేస్తుంటాడు. ఈ అవమానంలోంచి కుర్రాడు ఎలా బయటపడతాడా అని మనం వందల పేజీలు ఎదురుచూస్తాం. బయటపడడు, బయటపడేస్తారు. ఎల్ఫుల ఉత్సవంలో ఒక డ్రాగన్ ఆత్మ వచ్చి తాకగానే మచ్చ మాయమై, శరీరం సగం ఎల్ఫులా మారిపోయి, అతడు వానిర్‌ను ఓడిస్తాడు. పరీక్ష రాయకుండానే మొదటి తరగతి మార్కులు వేసినట్లు అనిపించింది. అదే పుస్తకంలో అతని మేనమామ కొడుకు రోరన్ సుత్తి ఒక్కటే చేతబట్టి, భుజం గాయంతో, ఊరు ఊరంతటినీ కొండలు దాటించి, ఓడ దొంగిలించి, సుడిగుండం తప్పించుకుని యుద్ధభూమికి చేరుస్తాడు. అతనికి ఏదీ ఊరికే దొరకదు. ఈ రెండు కథలూ ఒకే అట్టల మధ్య ఉండటం వల్లనే ఎరగాన్ కథ ఇంకా వెలవెలబోయింది.

సమాధానం (తెలుగు చెప్పే మాస్టారు)

పై మిత్రునితో సగమే ఏకీభవిస్తాను. ఆ వరం పొందిన తరువాత కూడా ఎరగాన్ చివరి యుద్ధంలో ఒకప్పటి మిత్రుడు మర్టాగ్ చేతిలో ఓడిపోతాడు, పైగా కత్తి కూడా పోగొట్టుకుంటాడు. ఊరికే వచ్చిన బలం గెలిపించలేదని రచయిత చూపించాడు కదా.

నన్ను ఈ పుస్తకానికి కట్టిపడేసింది వ్యాకరణం. ఈ లోకంలో మంత్రాలు ప్రాచీన భాషలో పలకాలి, ఆ భాషలో అబద్ధం ఆడలేరు. మొదటి భాగంలో ఎరగాన్ ఒక పసిపాపను దీవిస్తూ 'స్కోలిరో' అనవలసిన చోట 'స్కోలిర్' అంటాడు. మన భాషలో చెప్పాలంటే, 'ఆపదల నుండి కాపాడబడుదువు గాక' అనబోయి 'ఆపదల నుండి కాపాడుదువు గాక' అన్నాడన్నమాట. దాంతో ఆ పాప చుట్టుపక్కల వాళ్లందరి బాధకూ తానే డాలు కావలసి వస్తుంది. ఎల్వా అనే ఆ బిడ్డ నెలల వయసులోనే నాలుగైదేళ్ల పిల్లలా ఎదిగి, పెద్దవాళ్ల గొంతుతో మాట్లాడుతుంది. తాను చేసిన పొరపాటు ఎరగాన్‌కు తెలిసివచ్చేది మీరు విసుక్కుంటున్న ఆ పాఠాల్లోనే. కర్మణి ప్రయోగం ఎందుకు నేర్చుకోవాలని నన్ను అడిగే పిల్లలకు నేను ఎల్వా కథ చెబుతుంటాను.

నిడివి విషయంలో మాత్రం నేను పుస్తకాన్ని వెనకేసుకురాలేను. ఎలెస్మేరా వర్ణనల్లో మూడో వంతు తగ్గించినా కథకు నష్టం ఉండేది కాదు.

సమాధానం (లైబ్రరీలో పనిచేస్తాను)

నేరుగా మూడో భాగం ఇవ్వకండి. ఆ భాగం 'బ్రిసింగర్' మొదలయ్యేదే రోరన్ ప్రేమించిన కత్రీనాను విడిపించడానికి ఎరగాన్, రోరన్ కలిసి వెళ్లడంతో. ఆమెను ఎవరు ఎత్తుకుపోయారో, కన్నతండ్రే ఊరికి ఎలా ద్రోహం చేశాడో తెలియకపోతే ఆ అధ్యాయాలు చప్పగా ఉంటాయి. రోరన్ అధ్యాయాలను మాత్రం వరసగా చదవనివ్వండి. వాటితోపాటు నసువాడా అధ్యాయాలు కూడా. తండ్రి పోయాక తిరుగుబాటు సైన్యం బరువు నెత్తిన పడిన ఆ అమ్మాయి, ఖర్చులకు డబ్బు లేక, మాంత్రికుల చేత లేసు అల్లించి అమ్మిస్తుంది. యుద్ధాల నవలల్లో జీతభత్యాల గురించి ఆలోచించిన నాయకురాలు నాకు అరుదుగా కనిపించింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లైబ్రరీలో పనిచేసేవారు చెప్పినట్లే రోరన్ అధ్యాయాలకు పసుపు కాగితం ముక్కలు అంటించి ఇచ్చాను. నిన్న రాత్రి ఓడ దొంగతనం దాకా వచ్చాడు. ఎరగాన్ అధ్యాయాలను ఇంకా ముట్టుకోలేదు కానీ, మాస్టారు గారు రాసిన ఎల్వా సంగతి చదివి వినిపిస్తే ఆ పేజీ ఎక్కడుందని అడిగాడు. ఇంకో సందేహం కూడా అడిగాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. మేనమామ కొడుకు, పైగా వయసులో పెద్దవాడు కదా, ఎరగాన్ రోరన్‌ను బావా అని పిలవకుండా పేరు పెట్టి పిలుస్తాడేమిటని.