ఉన్న ఇంటి గోడల్లోకి ఇన్సులేషన్ ఊదించడం మన దగ్గర కుదురుతుందా?

తుంగభద్ర_ఒడ్డు:
మాది కర్నూలు, 2006లో కట్టిన ఇల్లు, ఒకటే అంతస్తు. పడమటి వైపు ఖాళీ స్థలం కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గుంకేదాకా ఎండంతా ఆ గోడకే. ఆ గదిలోనే మా అమ్మ పడుకుంటుంది. మే నెలలో రాత్రి పదిన్నరకి గోడకు చెయ్యి ఆనిస్తే, అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనం పక్కన చెయ్యి పెట్టినట్టు సెగ కొడుతుంది, మంచం రెండడుగులు ఇవతలికి లాగేశాం. ఏసీ ఆపిన పది నిమిషాలకే మళ్లీ ఉక్క. అమెరికాలో మా చెల్లెలు వాళ్ల పాత ఇంటికి బయటి నుంచి బెజ్జాలు వేసి, పైపుతో కాగితం పీచు లాంటిది గోడల్లోకి ఊది మూసేశారట. అలాంటిది మనం చేయించుకోవచ్చా? అమ్మకి బీపీ ఉంది, వచ్చే ఎండాకాలం తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

కడప_సైట్ఇంజనీర్:
అన్నా, ముందు మీ గోడ ఏ రకమో చూసుకోండి. అమెరికాలో చాలా ఇళ్లు చెక్క ఫ్రేముతో కడతారు, నిలువు చెక్కల మధ్య మూడున్నర అంగుళాల ఖాళీ ఉంటుంది, ఊదేది ఆ ఖాళీలోకే. పాత పేపర్లను పీచు చేసి, మంట పట్టకుండా బోరేట్ కలుపుతారు. బ్రిటన్‌లో ఇటుక ఇళ్లకూ ఇలా నింపుతారు కానీ అవి రెండు వరసల గోడలు, మధ్యలో సందు ఉంటుంది. మనది తొమ్మిదంగుళాల గట్టి గోడ, ఊదడానికి చోటే లేదు. ఇటుకను నిలువుగా పెట్టి కట్టే ర్యాట్ ట్రాప్ గోడ అయితే లోపల సందు ఉంటుంది, అది వేరే సంగతి. సిమెంటు హాలో బ్రిక్స్ కన్నాలు నింపినా, మధ్యలో ఉన్న సిమెంటు గుండా వేడి వస్తూనే ఉంటుంది.

రాత్రి పదిన్నరకి సెగ ఎందుకంటే, ఆ మందం గోడ దాటి వేడి లోపలికి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. మూడున్నర ఎండ మీ అమ్మగారు పడుకునే వేళకి చేరుతోంది. అందుకే అడ్డం బయటే వేయాలి: బిల్డింగ్ పనికి వాడే, మంట పాకని రకం థర్మోకోల్ షీట్లు రెండంగుళాలవి అతికించి, ఫైబర్ జాలీ వేసి, పైన ప్లాస్టరింగ్. వేడిని ఆపడంలో ఒక్క అంగుళం థర్మోకోల్ దాదాపు ఇరవై అంగుళాల ఇటుకతో సమానం.

అనంత_రైతుబిడ్డ:
ఇంజనీర్ గారు చెప్పింది నిజమే కానీ, నన్నడిగితే గోడ కంటే ముందు మిద్దె చూసుకోవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ తినేది అదే, పైగా నాలుగైదు అంగుళాల శ్లాబే. మా అవ్వ వాళ్ల మట్టి మిద్దె మీద జానెడు మందం చవుడు ఉండేది, మధ్యాహ్నం కింద హాయిగా నిద్రపోయేవాళ్లం. పోయిన ఏడాది మా ఇంట్లో సాయంత్రం ఆరింటికి రెండు థర్మామీటర్లు టేపుతో అంటించి చూశాను, గోడ 36, శ్లాబు అడుగున 40. ఆ తర్వాతే సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు కోట్లు కొట్టించాం. ట్యాంకు కింద కొంత మేర కొట్టకుండా వదిలేశారు. మిట్టమధ్యాహ్నం తెల్లటి చోట ఉత్త కాళ్లతో నిలబడగలిగాను, ట్యాంకు దగ్గరికి ఒక్క అడుగు వేసేసరికి కాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వానలకి కొట్టుకుపోతుంది, ఏటా ఉగాదికి ముందే వేసుకోవాలి. పడమటి గోడకి అడుగు దూరంలో పందిరి గుంజలు నాటి గ్రీన్ నెట్ కట్టండి. గోడకి అంటించి కట్టొద్దు, మధ్యలో గాలి ఆడాలి.

తుంగభద్ర_ఒడ్డు:
ఇద్దరికీ థ్యాంక్స్. ఏసీ స్టాండుకి వేసిన పాత బోల్టు బెజ్జంలో సైకిల్ పుల్ల దూర్చి చూశాను, నాలుగంగుళాల దగ్గర ఆగిపోయింది. పక్కనే ఇంకోటి కాస్త లోతుగా వేయిస్తే చివరిదాకా ఎర్ర పొడే రాలింది, ఖాళీ లేదు. ఊదించే మాట వదిలేశాను. ముందు సున్నం, గ్రీన్ నెట్ చేయిస్తాను, అప్పటికీ సెగ తగ్గకపోతే థర్మోకోల్. ఒక్కటే అనుమానం, మేస్త్రి ఆ గోడకి నల్ల కడప రాళ్లు అతికిస్తే చల్లగా ఉంటుంది అంటున్నాడు.

కడప_సైట్ఇంజనీర్:
మాది కడపే, ఆ రాయంటే నాకూ ఇష్టమే, కానీ పడమటి గోడకి మాత్రం వద్దన్నా. నలుపు ఎండని ఇంకా లాగేస్తుంది, రాయి వేడిని ఆపదు. నేల మీద పరుచుకోండి, అమ్మగారి కాళ్లకి చల్లగా ఉంటుంది.