మెయిన్‌ఫ్రేమ్ ఆపకుండా బ్యాకప్: ఆదివారం రెండు గంటల విరామం ఉంచాలా, ఎత్తేయాలా?

అనంతపురం_షిఫ్ట్
అనంతపురంలో ఇంటి నుంచే పనిచేస్తున్నాను. క్లయింటు అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. వాళ్ల మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద కంపెనీలు వాడే భారీ కంప్యూటరు)లో జెడ్‌ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్), డీబీ2 (డేటాబేస్), కిక్స్ (ఆన్‌లైన్ ట్రాన్సాక్షన్లు నడిపే సాఫ్ట్‌వేర్), వాటితోపాటు పాతకాలం వీశామ్ ఫైళ్లు (డేటాబేస్ బయట ఉండే డేటా ఫైళ్లు) కూడా చాలా ఉన్నాయి. ఇన్నాళ్లూ ప్రతి ఆదివారం వాళ్ల అర్ధరాత్రి దాటాక, అంటే మనకు భోజనాల వేళ, కిక్స్ రెండు గంటలు దించి, ఫైళ్లన్నీ మూసి, డీఎస్‌ఎస్ (డిస్కులను కాపీ చేసే యుటిలిటీ) జాబులతో డిస్కులను టేపుకు డంప్ చేస్తున్నాం. ఇక ఆ రెండు గంటలు కూడా ఇవ్వం అంటున్నారు.

టీంలో రెండు పార్టీలు అయ్యాయి. స్టోరేజీ వాళ్లు డిస్కులన్నిటికీ ఫ్లాష్‌కాపీ (స్టోరేజీ పెట్టెలోనే క్షణాల్లో తీసే నకలు) తీద్దాం, రెండో సైటుకు మిర్రరింగ్ (ప్రతి మార్పునూ అక్కడి డిస్కుల్లోనూ రాయడం) ఎలాగూ ఉంది, డీబీ2 ఇమేజ్ కాపీ (టేబుళ్ల డేటాకు డీబీ2 తానే తీసే నకలు) జాబులు ఎత్తేస్తే సీపీయూ ఖర్చూ తగ్గుతుంది అంటారు. మా డీబీఏ (డేటాబేస్ చూసుకునే అతను) మాత్రం ఇమేజ్ కాపీలు ఉండాల్సిందే, షేర్‌లెవెల్ ఛేంజ్‌లో (అప్‌డేట్లు నడుస్తుండగానే) తీస్తే అప్లికేషన్ ఆపక్కర్లేదు అంటాడు. మీరు ఎవరి పక్క? ఎందుకో కూడా రాయండి.

కడప_పాత_ఆపరేటర్
నేను ఎవరి పక్కా కాదు నాయనా. ఆ రెండు గంటలు వదులుకోవద్దంటాను. అన్నీ మూసి తీసిన కాపీలో సగంలో ఉన్న ట్రాన్సాక్షన్ ఒక్కటీ ఉండదు. డీబీ2, వీశామ్, సీక్వెన్షియల్ ఫైళ్లు అన్నీ ఒకే క్షణానివి. తిరిగి ఎక్కించేటప్పుడు బుర్ర పెట్టాల్సిన పని ఉండదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తున్నాయి కాబట్టి బ్యాంకు వాళ్లు విరామం లేదంటే అర్థం ఉంది. ఆదివారం అర్ధరాత్రి ఇన్సూరెన్స్ క్లెయిము రెండు గంటలు ఆగితే ఎవరి కొంపా మునగదు.

ప్రొద్దుటూరు_డీబీఏ
సార్, ఒక మాట. ఆ శుభ్రమైన కాపీ ఆదివారానిది. గురువారం మధ్యాహ్నం ఎవరో వేర్ క్లాజు (ఏ రికార్డులు అనే షరతు) లేకుండా ఒక డిలీట్ కొట్టి టేబుల్ అంతా చెరిపారనుకోండి. ఆదివారం దగ్గరికి వెళ్లి నాలుగు రోజుల పని పారేస్తామా? పారేయం. కాపీ ఎక్కించి, దాని మీద లాగ్ (ప్రతి మార్పునూ వరుసగా రాసి ఉంచే చిట్టా) అప్లై చేసి, డిలీట్‌కు ముందు దాకా తెస్తాం. ఎలాగూ లాగే కాపాడుతున్నప్పుడు, కాపీ తీసే వేళ అప్‌డేట్లు నడుస్తుంటే వచ్చే నష్టమేమిటి? షేర్‌లెవెల్ ఛేంజ్‌లో ఒక పేజీ ఒక క్షణానిది, ఇంకో పేజీ ఇంకో క్షణానిది కావచ్చు. ఆ తేడా లాగ్ సరిచేస్తుంది. డీబీ2 9 నుంచి వెనకటి సమయానికి రికవర్ చేసినా, కమిట్ కాని (ఇంకా ఖాయం కాని) పనిని అదే వెనక్కి తీసేస్తోంది.

ఇందులో నాకు టెన్షన్ పెట్టేది వీశామ్ ఒక్కటే. దానికి డీబీ2 లాంటి లాగ్ ఊరికే రాదు.

కర్నూలు_స్టోరేజ్
స్టోరేజీ వాళ్ల తరఫున నేను మాట్లాడతాను. వేల టేబుల్‌స్పేసులు (టేబుళ్ల డేటా ఉండే చోట్లు) ఉన్నచోట సైటు మొత్తం పోతే, ఇమేజ్ కాపీలు ఒక్కొక్కటీ ఎక్కిస్తూ ఎంతసేపు కూర్చుంటారు? డీబీ2 మొత్తాన్ని ఒకేసారి ఫ్లాష్‌కాపీ తీసే బ్యాకప్ సిస్టమ్ అనే యుటిలిటీ డీబీ2 8 నుంచే ఉంది. ఫ్లాష్‌కాపీ సంబంధం సెకన్లలో కుదురుతుంది, అసలు డేటా వెనకాల నింపాదిగా కాపీ అవుతుంది. డీబీ2 బయట ఉన్న వాల్యూములను (డిస్కులను) కూడా కలిపి తీయాలంటే కన్సిస్టెన్సీ గ్రూపు ఫ్రీజ్ ఉంది. డిస్కుకు రాసే రైట్లు కొద్దిసేపు ఆగి, మళ్లీ నడుస్తాయి. యూజర్‌కు స్క్రీన్ కాస్త నెమ్మదించినట్టు అనిపిస్తుంది, అంతే. డీబీ2 9 నుంచి ఆ సిస్టమ్ బ్యాకప్‌లోంచి ఒక్క టేబుల్‌స్పేసును కూడా రికవర్ చేయొచ్చు, దానికో పారామీటరు పెట్టుకోవాలి. ఇంకా ఇమేజ్ కాపీలు దేనికి మేడమ్?

ప్రొద్దుటూరు_డీబీఏ
లోడ్ (డేటాను గుంపుగా నింపే యుటిలిటీ) లాగ్ నో అని నడిపిన రాత్రి కోసం అన్నా. ఆ లోడు లాగులో ఉండదు. ఇన్‌లైన్ కాపీ (అదే జాబులో తీసే ఇమేజ్ కాపీ) తీయకపోతే టేబుల్‌స్పేస్ కాపీ పెండింగ్‌లో (కాపీ తీసేదాకా అప్‌డేట్ కుదరని స్థితిలో) పడి, తర్వాతి అప్‌డేట్ జాబు అక్కడే ఆగిపోతుంది. ఆన్‌లైన్ రీఆర్గ్ (డేటాను మళ్లీ వరుసగా సర్దడం) కూడా అంతే. అది లాగ్ నోతోనే నడుస్తుంది, ఇన్‌లైన్ కాపీ అడుగుతుంది. మీ ఫ్లాష్‌కాపీ రీఆర్గ్‌కు ముందుదైతే, దాని మీద లాగ్ నడిపి ఇవాళ్టికి రాలేరు. కాబట్టి ‘ఇమేజ్ కాపీలు ఎత్తేద్దాం’ అనే మాట అసలు నిలబడదు. ఎన్ని తీయాలి, ఎన్నాళ్లకోసారి తీయాలి అన్నదాని మీద వాదించుకుందాం.

ఇంకొకటి. ఫ్లాష్‌కాపీ అదే స్టోరేజీ పెట్టెలో ఉంటుంది. నోకాపీ మోడ్‌లో (వెనకాల పూర్తి కాపీ చేయకుండా) పెడితే అసలు వాల్యూము పోయిన రోజు నకలూ పోతుంది. ఇక మిర్రర్ అంటారా, నేను చెప్పిన ఆ డిలీట్‌ను అది మిల్లీ సెకన్లలో రెండో సైటుకు చేరవేస్తుంది.

కర్నూలు_స్టోరేజ్
నోకాపీ పెట్టమని నేను అనలేదు. ఫ్లాష్ తీశాక ఆ నకలు నుంచే టేపుకు డంప్ చేస్తే ఆన్‌లైన్‌కు తెలియను కూడా తెలియదు. మిర్రర్ బ్యాకప్ కాదన్నది ఒప్పుకుంటా. డిలీట్‌కూ రాన్సమ్‌వేర్‌కూ మందు సేఫ్‌గార్డెడ్ కాపీ. హోస్టు (మెయిన్‌ఫ్రేమ్) నుంచి మార్చలేని, చెరపలేని నకళ్లు వాల్యూముకు 500 దాకా పెట్టుకోవచ్చు.

మిర్రరింగ్‌లో దూరం లెక్క కూడా చూసుకోవాలి. ఫైబర్‌లో వెలుతురుకు కిలోమీటరుకు 5 మైక్రో సెకన్లు పడుతుంది. మన లెక్కలో హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 44వ నంబరు హైవే వెంట కేబుల్ ఉందనుకుంటే సుమారు 570 కిలోమీటర్లు. వెళ్లి రావడానికే 5.7 మిల్లీ సెకన్లు. ప్రతి లాగ్ రైటూ అంతసేపు ఆగితే కమిట్లన్నీ క్యూ కడతాయి. మెట్రో మిర్రర్‌కు (రెండో సైటులో రాశాకే ముందుకు సాగే మిర్రరింగ్‌కు) ఐబీఎం చెప్పే పరిమితి 300 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్–కర్నూలు వరకు కాగితం మీద కుదురుతుంది. అంతకు మించితే గ్లోబల్ మిర్రరే (రెండో సైటు కోసం ఆగకుండా వెనకాల పంపేది). అందులో రెండో సైటు కొన్ని సెకన్లు వెనకబడి ఉంటుంది.

కడప_పాత_ఆపరేటర్
టేపులు ఎక్కడ పెడుతున్నారో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు అసలు పత్రాలూ వాటి నకళ్లూ ఒకే బీరువాలో పెట్టుకున్నవాళ్ల గతేమిటి? అదంతా పాత సంగతి అంటారేమో. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా డేజియాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల స్టోరేజీకి బయట నకలే లేదు. సైజు ఎక్కువ కాబట్టి తీయలేదన్నారు.

గుత్తి_కిక్స్
అసలు ప్రశ్న పక్కకు పోతోంది. అనంతపురం తమ్ముడూ, ఆ రెండు గంటల్లో నడిచేది ఒక్క బ్యాకప్పేనా? నేను చూసినచోట్లల్లా పేరు బ్యాకప్‌ది, పని బ్యాచ్‌ది (గుంపుగా నడిచే లెక్కల జాబులది). వీశామ్ ఫైలు కిక్స్‌లో తెరిచి ఉంటే బ్యాచ్ జాబు దాన్ని మామూలుగా అప్‌డేట్ చేయలేదు. అందుకే మూస్తారు. అదే మీ కారణమైతే ఎన్ని ఫ్లాష్‌కాపీలు తీసినా విరామం పోదు. ఫైళ్లను ఆర్‌ఎల్‌ఎస్‌కు (రికార్డు స్థాయిలో పంచుకునే పద్ధతికి) మార్చి, బ్యాచ్ అప్‌డేట్లకు ట్రాన్సాక్షనల్ వీశామ్ పెట్టడమో, ఆ అప్‌డేట్లను కిక్స్ ద్వారానే చేయించడమో చూడాలి.

బ్యాకప్ వరకే అయితే బీడబ్ల్యూఓ (బ్యాకప్ వైల్ ఓపెన్) ఉంది, ఫైలు తెరిచి ఉండగానే తీస్తుంది. కానీ ఫైలుకు లాగ్ ఆల్ (మార్పులన్నీ లాగ్ చేయమనే సెట్టింగు) పెట్టి, లాగ్‌స్ట్రీమ్ (ఆ లాగ్ చేరే చోటు) ఇచ్చి, ఫార్వర్డ్ రికవరీకి (కాపీ మీద లాగ్ నడపడానికి) కిక్స్ వీఆర్ లాంటి టూలు ఉంటేనే దానికి విలువ. ఆర్‌ఎల్‌ఎస్‌లో లేని ఫైలుకు కాపీ మధ్యలో సీఏ స్ప్లిట్ (ఫైలులో నిండిన భాగం రెండుగా విడిపోవడం) జరిగితే ఆ కాపీ చెల్లదు. ఇన్సర్టులు ఎక్కువగా ఉండే ఫైలుకు రద్దీ వేళ తీయకండి.

అనంతపురం_షిఫ్ట్
అక్కా, సరిగ్గా పట్టుకున్నారు. జాబ్ లిస్టు తీసి చూశాను. డంప్‌తోపాటు కమీషన్ లెక్కల బ్యాచ్ కూడా అదే విండోలో ఉంది, రెండు వీశామ్ ఫైళ్లను అప్‌డేట్ చేస్తోంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మేనేజర్‌కు ఇలా రాస్తున్నాను: రోజూ ఒక సిస్టమ్ ఫ్లాష్, అక్కడి నుంచి టేపుకు, ఆ టేపు నకలు వేరే ఊరికి. ముఖ్యమైన టేబుళ్లకు షేర్‌లెవెల్ ఛేంజ్ ఇమేజ్ కాపీ, లోడ్, రీఆర్గ్ ఉన్నచోట ఇన్‌లైన్ కాపీ. ఆర్కైవ్ లాగులు అన్నిటికన్నా పాత కాపీ తేదీ దాకా వెనక్కి ఉండాలి. ఆ రెండు ఫైళ్లు ఆర్‌ఎల్‌ఎస్, ట్రాన్సాక్షనల్ వీశామ్‌కు మారేదాకా ఆదివారం వాటిని మాత్రమే మూస్తాం, కిక్స్ దించం.

కడప_పాత_ఆపరేటర్
కిక్స్ దించకుండా రెండు ఫైళ్లే మూయడానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ మాస్టర్ క్యాటలాగ్ (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక), రాక్‌ఎఫ్ (యూజర్ల అనుమతుల) డేటాబేస్, హెచ్‌ఎస్‌ఎం (వాడని ఫైళ్లను టేపుకు మార్చే సాఫ్ట్‌వేర్) కంట్రోల్ డేటాసెట్లు, డీబీ2 బీఎస్‌డీఎస్ (లాగులు ఎక్కడున్నాయో రాసి ఉంచే ఫైలు) ఏ సైకిల్లో తీస్తున్నారో రాయలేదు. డేటాసెట్ ఎన్‌క్రిప్షన్ వాడుతుంటే కీలు ఉండే సీకేడీఎస్ కూడా చేర్చు. అది, దాన్ని తెరిచే మాస్టర్ కీ రెండో సైటులో లేకపోతే నీ టేపులన్నీ ఎక్కుతాయి, ఒక్క రికార్డూ చదవలేవు.

ప్రొద్దుటూరు_డీబీఏ
దీనికి మాత్రం సార్ పక్కే. మాస్టర్ కీ భాగాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ముందు కనుక్కో తమ్ముడూ. వాళ్లలో ఎవరైనా ఉద్యోగం మానేసి ఉంటే, మేనేజర్‌కు రాసే మెయిల్‌లో మొదటి లైను అదే కావాలి.